జమీను దొరికింది, దుడ్డు దొరకలేదు: జింబాబ్వే నడిమి రైతుల సంగతి



ఈసారి ఊజీ ఈగ గురించీ, చంద్రికల గురించీ కాదు, దూరదేశం సంగతి ఒకటి రాస్తున్నా. మైసూరు పక్క హుణసూరు, పిరియాపట్టణంలో పొగాకు వేసేవాళ్ళతో మాట్లాడి చూడండి. వాళ్ళ నోట రెండు దేశాల పేర్లు తప్పకుండా వస్తాయి: బ్రెజిల్, జింబాబ్వే. అక్కడ పంట తగ్గితే ఇక్కడ వేలంలో ధర ఎక్కుతుంది, అక్కడ బాగా పండితే ఇక్కడ దిగుతుంది. ఒంగోలు పక్క పొగాకు రైతులదీ ఇదే మాట. చైనా దారం ధరకీ మన గూళ్ళ ధరకీ ఉన్న లంకె లాంటిదే ఇది.

ఆ జింబాబ్వేలో 2000 సంవత్సరం తర్వాత చాలా పెద్ద భూమి పంపకం జరిగింది. దాని గురించి మనకి చేరింది రెండే ముక్కలు: తెల్లోళ్ళ భూములు లాక్కున్నారు, దేశం దివాలా తీసింది. రెండిట్లోనూ నిజం ఉంది, కానీ కథ అంతటితో అయిపోలేదు. భూమి తీసుకున్నవాళ్ళలో చిన్న రైతులు వేరు, మధ్యతరహా రైతులు వేరు. ఆ మధ్యతరహా రైతుల అనుభవం మనకి పనికొస్తుందని నాకు అనిపించింది. ఎందుకంటే ఇప్పుడు మనలో చాలామంది వేస్తున్న లెక్క ఇదే గదా: రెండెకరాల తోట చాలదు, పక్క జమీను గుత్తకి పట్టి ఎనిమిదెకరాలో పదెకరాలో చేద్దామా అని.

*ముందు ఎవరి చేతిలో ఉండేది*

జింబాబ్వే ఆఫ్రికా దక్షిణ భాగంలో ఉంది. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో దాని పేరు రోడీషియా. 1930లో అక్కడ భూమి పంపక చట్టం ఒకటి తెచ్చారు. మంచి వాన పడే నేల ఎక్కువగా తెల్లోళ్ళకి పోయింది. నల్లజాతి జనానికి ఎక్కువగా ఇసుక నేల, వాన తక్కువ నేల మిగిలింది. 1980 ఏప్రిల్ 18న స్వాతంత్ర్యం వచ్చేసరికి లెక్క ఇలా ఉంది: సుమారు 6,000 మంది తెల్ల రైతుల చేతిలో కోటీ 55 లక్షల హెక్టార్లు. ఇంకోపక్క 7 లక్షల నల్లజాతి కుటుంబాలకి అంతా కలిపి కోటీ 64 లక్షల హెక్టార్లు. ఒక హెక్టారు అంటే మన లెక్కలో దాదాపు రెండున్నర ఎకరాలు. ఒకరికి సగటున ఆరు వేల ఎకరాలపైన, ఇంకొకరికి అరవై ఎకరాల లోపు. ఆ అరవైలో కూడా చాలావరకు దున్నడానికి రాని మేత బీళ్ళే.

స్వాతంత్ర్యం ఇచ్చే ముందు 1979లో లండన్‌లో ఒప్పందం చేసుకున్నారు. పదేళ్ళ వరకు బలవంతంగా భూమి తీసుకోకూడదు, అమ్మేవాడు ఇష్టపడితేనే సర్కారు కొనాలి అని షరతు. 1980ల మొదట్లో 1,62,000 కుటుంబాలకి భూమి ఇస్తామని సర్కారు చెప్పింది. ఇరవై ఏళ్ళకి అందులో సగం కూడా కాలేదు.

2000 ఫిబ్రవరిలో కొత్త రాజ్యాంగం మీద జనం ఓటు అడిగితే సర్కారు ఓడింది. వెంటనే విముక్తి పోరాటంలో ఉన్న పాత సైనికులు, ఊళ్ళ జనం పెద్ద ఫారాల్లోకి దిగారు. కొట్లాటలు జరిగాయి, తెల్ల రైతులూ వాళ్ళ దగ్గరి కూలోళ్ళూ దెబ్బలు తిన్నారు, కొందరు చచ్చిపోయారు కూడా. అదే ఏడాది జూలైలో సర్కారు దాన్ని పథకంగా మార్చింది. పదేళ్ళలో 4,500 దాకా పెద్ద ఫారాలు, సుమారు 76 లక్షల హెక్టార్లు చేతులు మారాయి.

*ఏ-1, ఏ-2*

పంచిన భూమిని రెండు రకాలుగా పంచారు.

మొదటిది ఏ-1, చిన్న రైతుకి. ఇంటికి ఐదారు హెక్టార్ల దున్నే నేల, ఊరందరికీ కలిపి మేత బీడు. సుమారు లక్షా 45 వేల కుటుంబాలకి ఇలా వచ్చింది.

రెండోది ఏ-2, మధ్యతరహా వ్యాపార సేద్యానికి. వాన బాగా పడేచోట పదుల హెక్టార్ల నుంచి, ఎండ ప్రాంతంలో వందల హెక్టార్ల దాకా. ఇది కావాలంటే అర్జీ పెట్టాలి, ఏం వేస్తారు, పెట్టుబడి ఎక్కణ్ణుంచి తెస్తారు అని కాగితం మీద చూపించాలి. 2010 నాటికి 16 వేల మందికి పైగా ఏ-2 దొరికింది. వాళ్ళలో ఉద్యోగస్తులు, వ్యాపారులు, మిలిటరీవాళ్ళు, పార్టీ పలుకుబడి ఉన్నోళ్ళు చాలామంది. కొందరు ఒకటికి మించి ఫారాలు పట్టుకున్నారు కూడా. దీని మీద అప్పట్లోనే గట్టిగా విమర్శలు వచ్చాయి.

2003లో సర్కారే వేసిన ఊటేటే కమిటీ ఒక లెక్క తీసింది. ఏ-1 భూమి ఇచ్చినవాళ్ళలో నూటికి 97 మంది వచ్చి సేద్యంలో దిగారు. ఏ-2లో నూటికి 66 మందే దిగారు. పెద్ద ముక్క దొరికినవాడు ఎగిరి గంతేసి రావాలి గదా, ఎందుకు రాలేదు?

చిన్న రైతు ఒక గుడిసె వేసుకుని, ఇంట్లో ఉన్న నాలుగు చేతులతో, ఉన్న రెండెద్దులతో మొక్కజొన్న వేశాడు. మొదటి ఏడాది తిండికి వచ్చింది, మూడో ఏడాదికి అమ్మకానికి వచ్చింది. ఏ-2 రైతుకి అలా కుదరదు. యాభై, వంద హెక్టార్లని ఇంటిమనుషులతో చేయలేం. ట్రాక్టరు కావాలి, డీజిల్ కావాలి, కూలోళ్ళు కావాలి, ఎరువు లారీలలో రావాలి. ఇవన్నీ పంటకి ముందు కావాల్సినవి. భూమి ఇచ్చిన కాగితం మాత్రమే చేతిలో ఉంది.

*కాగితం ఉంది, కానీ బ్యాంకుకి పనికి రాదు*

అక్కడ పంచిన భూమి సర్కారుదే. ఏ-2 రైతుకి మొదట ఇచ్చింది భూమి కేటాయించినట్టు ఒక ఉత్తరం. 2006 నుంచి 99 ఏళ్ళ లీజు ఇవ్వడం మొదలుపెట్టారు. 99 ఏళ్ళంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. బ్యాంకువాళ్ళు అలా అనుకోలేదు. ఈ లీజుని సర్కారు రద్దు చేయవచ్చు, అప్పు తీర్చకపోతే మేము ఇంకొకరికి అమ్ముకోలేము, అలాంటప్పుడు దీన్ని కుదువ ఎలా పెట్టుకుంటాం అన్నారు. ఇంతకు ముందు తెల్ల రైతులు ఆ భూమి పట్టా పెట్టే ఏటా పంట అప్పు తెచ్చేవాళ్ళు. అదే భూమి, అదే బ్యాంకు, కాగితం మారేసరికి అప్పు ఆగిపోయింది.

మన కర్ణాటక పెద్దలకి ఇది బాగా అర్థమవుతుంది. 1974 చట్టం తర్వాత ఫారం 7 వేసి, ట్రిబ్యునల్‌లో తిరిగి గేణీ జమీను సొంతం చేసుకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది లేరు! పహణీలో పేరు ఎక్కాకే సొసైటీ తలుపు తెరుచుకుంది. ఈ రోజుకీ గుత్తకి తోట చేసేవాడికి పురుగులు మనలాగే పండుతాయి, గూళ్ళు మార్కెట్లో మనలాగే అమ్ముడుపోతాయి, కానీ షెడ్డు సబ్సిడీకి పోతే ముందు అడిగేది జమీను కాగితమే.

జింబాబ్వేలో ఆ తర్వాత ఆ లీజుని బ్యాంకులు ఒప్పుకునేలా మార్చడానికి చాలాసార్లు చూశారు. చివరికి 2024 డిసెంబరులో సర్కారు పట్టాలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. పట్టా కావాలంటే రైతు డబ్బు కట్టాలి. అమ్ముకోవాలన్నా స్వదేశీ జింబాబ్వేవాళ్ళకే అమ్మాలి. భూమి పంచిన పాతికేళ్ళకి ఇప్పుడు పట్టా మాట వచ్చింది.

దీనికి తోడు 2008లో అక్కడి రూపాయి, అంటే జింబాబ్వే డాలరు, పూర్తిగా చచ్చిపోయింది. 2009 జనవరిలో వంద ట్రిలియన్ల నోటు అచ్చేశారు, ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు. పొద్దున అమ్మిన పంట దుడ్డుతో సాయంత్రం ఎరువు కొనలేని కాలం. ఆ ఏడాదే ఆ డబ్బుని వదిలేసి అమెరికా డాలర్లతో వ్యవహారం నడిపారు. పంటకీ పంటకీ మధ్య దుడ్డు దాచుకోలేనప్పుడు ఎంత పెద్ద ఫారమైనా నిలబడదు.

*ఒక బావి, పదిమంది వాటాదార్లు*

ఇంకో చిక్కు మన ఇళ్ళలో రోజూ చూసేదే. ముగ్గురు అన్నదమ్ములు భాగాలు పంచుకుంటారు. జమీను మూడు ముక్కలు అవుతుంది. బోరు ఒకటే, షెడ్డు ఒకటే, ట్రాన్స్‌ఫార్మరు ఒకటే. మోటారు కాలిపోతే ఎవరు కట్టించాలి అని మూడు నెలలు మాటలు, ఆలోపు తోట ఎండుతుంది.

అక్కడా అంతే. రెండు వేల హెక్టార్ల ఫారానికి లెక్క వేసి కట్టిన చెరువు, పైపులు, పొగాకు కాల్చే బ్యారన్లు, కరెంటు లైను, గోదాము. అన్నీ ఒక యజమాని కోసం కట్టినవి. ఆ ఫారాన్ని ముక్కలు చేసి పంచినప్పుడు పంపుసెట్టు ఒకరి వాటాలో పడింది, చెరువు ఇంకొకరి వాటాలో, పైపు మూడోవాడి పొలం మీదుగా పోతుంది. కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తే వాళ్ళే అందరిదీ కట్టాలి. చాలాచోట్ల నీటి ఏర్పాట్లు పాడుపడ్డాయి. కొన్నిచోట్ల పైపులు, వైర్లు దొంగలు ఎత్తుకుపోయారు. పైన కరెంటు కోతలు వేరే. దేశానికి కరెంటులో పెద్ద భాగం కరీబా డ్యాము నుంచి వస్తుంది. వాన లేని ఏడాది డ్యాము ఎండితే మోటార్లు ఆగుతాయి. 2024లో కరువు ఎంత గట్టిగా వచ్చిందంటే ఏప్రిల్‌లో సర్కారు జాతీయ విపత్తు అని ప్రకటించింది.

*కూలోళ్ళు ఏమయ్యారు*

పెద్ద ఫారాల్లో లక్షల మంది కూలోళ్ళు ఉండేవాళ్ళు. చాలామంది తాతలు మలావీ, మొజాంబిక్ నుంచి వచ్చినవాళ్ళు. ఫారాల్లోనే లైను ఇళ్ళలో కాపురం. భూమి పంచినప్పుడు వాళ్ళలో చాలా తక్కువమందికి వాటా దొరికింది. చాలామంది పని పోయి అక్కడే ఉండిపోయారు, రోజుకూలికి పోతూ, దాన్ని వాళ్ళ భాషలో మరీచో అంటారు. ఈ పంపకంలో గట్టిగా అన్యాయం అయిపోయింది వాళ్ళకే అని నాకు అనిపిస్తుంది. దశాబ్దాలు ఆ నేలని పండించిన చేతులకి ఆ నేల దక్కలేదు.

ఏ-2 రైతుకి ఇది ఇంకో రకంగా తగిలింది. చుట్టూ ఏ-1 చిన్న రైతులు. వాళ్ళకి సొంత పొలం ఉంది, సీజనులో వాళ్ళ పని వాళ్ళకే సరిపోదు. కొందరు బంగారం తవ్వుకోవడానికి పోతారు. ఇక తక్కువ కూలికి ఎవరు వస్తారు? పురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు మీద పడినప్పుడు కొమ్మలు కోసేవాళ్ళు రాకపోతే మన గతి ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. పొగాకు కూడా అంతే. ఆకు పండాక కోయాలి, కోసినాక వెంటనే కాల్చాలి. ఆగదు.

అక్కడ ఒక ఎగతాళి మాట ఉంది: సెల్‌ఫోన్ రైతులు. హరారేలో ఉద్యోగం చేసుకుంటూ, ఫారంలో మేనేజరుకి ఫోన్ చేసి "వాన పడిందా, మందు కొట్టారా" అని అడిగేవాళ్ళు. శనివారం కారులో వచ్చి ఆదివారం పోతారు. నవ్వొచ్చే మాటే కానీ దీనికి ఇంకో పక్క ఉంది. బ్యాంకు అప్పు లేనిచోట ఆ జీతం దుడ్డే ఫారానికి పెట్టుబడి. ఉద్యోగం వదిలితే పెట్టుబడి లేదు, వదలకపోతే చూసుకునే మనిషి లేడు. నడిమి రైతు ఈ రెండిటి మధ్య ఇరుక్కున్నాడు.

*ఎక్కడ బాగుపడ్డారు*

అన్నీ చెడ్డ వార్తలే అనుకోకండి. పొగాకు లెక్క చూడండి. 2000లో 23 కోట్ల 70 లక్షల కిలోలు పండింది. 2008కి 5 కోట్ల కిలోల లోపుకి పడిపోయింది. 2018లో 25 కోట్ల కిలోలు దాటింది. 2023లో దాదాపు 30 కోట్ల కిలోలు. అంటే తెల్లోళ్ళ కాలం కంటే ఎక్కువ. ఒకప్పుడు కొద్దిమంది పెద్ద రైతులు పండించింది ఇప్పుడు లక్షకు పైగా రైతులు పండిస్తున్నారు, వాళ్ళలో ఎక్కువమంది చిన్నోళ్ళే.

ఇది ఎలా సాధ్యమైంది? 2004 నుంచి కాంట్రాక్టు పద్ధతి వచ్చింది. కంపెనీ విత్తనం, ఎరువు, మందు, కొంత కూలి దుడ్డు ముందే ఇస్తుంది. పంట ఆ కంపెనీకే ఇవ్వాలి. బాకీ పట్టుకుని మిగిలింది చేతికి. చైనావాళ్ళ కంపెనీ తియాన్ జే కూడా ఇలాగే దిగింది. పట్టా లేకపోయినా అప్పు దొరికింది, ఎందుకంటే ఇక్కడ కుదువ జమీను కాదు, పంట. ఈ రోజు అక్కడి పొగాకులో చాలా పెద్ద భాగం కాంట్రాక్టు మీదే పండుతుంది. మ్వుర్వి లాంటి మంచి వాన ప్రాంతాల్లో ఏ-2 రైతుల్లో కొందరు దీనితోనే ట్రాక్టర్లు కొన్నారు, బ్యారన్లు కట్టారు.

కాంట్రాక్టుకి ఇంకో మొహం కూడా ఉంది. ఎరువు ధర కంపెనీ చెప్పిందే, ఆకు గ్రేడు కంపెనీ పెట్టిందే. ఒక ఏడాది పంట పోతే బాకీ వచ్చే ఏడాదికి ఎక్కుతుంది. కొందరు బాకీ తప్పించుకోవడానికి ఇంకొకరి పేరు మీద ఆకు అమ్ముతారు. రీలరు దగ్గర అడ్వాన్సు తీసుకుని గూళ్ళు ఆయనకే తూచినప్పుడు ధర ఎవరి నోట్లో ఉంటుందో మనకి తెలుసు. అందుకే శిడ్లఘట్ట, రామనగరం, ధర్మపురి లాంటి సర్కారు మార్కెట్లో లాటు పెట్టి బహిరంగంగా వేలం వేయించుకోవడం ఎంత విలువైనదో ఈ పొగాకు కథ చూస్తే తెలుస్తుంది.

ఇంకో బాగుపడ్డ చోటు దేశం దక్షిణాన చెరకు ప్రాంతం. హిప్పో వ్యాలీ, ట్రయాంగిల్ అని రెండు మిల్లులు. అక్కడ ఏ-2 ముక్కలు ఇరవై హెక్టార్లకి అటూ ఇటూ. కాలవ నీళ్ళు ఉన్నాయి, పంట కొనే మిల్లు పక్కనే ఉంది. సైజు నడిమిదే అయినా నీళ్ళు, మార్కెట్టు ముందే సిద్ధంగా ఉన్నందుకు మిగతా ఏ-2ల కంటే నిలదొక్కుకున్నారు. మిల్లు ఎంత పట్టుకోవాలి, రైతుకి ఎంత రావాలి అని జగడం మాత్రం ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది.

2016లో సర్కారు కూడా మొక్కజొన్నకి ఒక పథకం తెచ్చింది, కమాండ్ సేద్యం అని. విత్తనం, ఎరువు, డీజిల్ సర్కారు ఇస్తుంది, హెక్టారుకి 5 టన్నులు సర్కారుకి వేయాలి. 2017లో వానలు కూడా బాగా పడి 21 లక్షల టన్నులు పండింది. కానీ బాకీలు సరిగ్గా తిరిగి రాలేదు, పలుకుబడి ఉన్నోళ్ళకి ఎక్కువ అందిందని మాట వచ్చింది, ఖర్చు లెక్క మీద పార్లమెంటు కమిటీలో గట్టి ప్రశ్నలు లేచాయి. అప్పు అని ఇచ్చి దానంలా పోయిన దుడ్డు ఎక్కువ కాలం రాదు.

ఏ దారీ లేని ఏ-2 రైతులు కొందరు భూమిని ఇంకొకరికి ఇచ్చేశారు. చైనా కంపెనీకో, ఒకప్పుడు పోగొట్టుకున్న తెల్ల రైతుకో కూడా. పేరు ఒకరిది, సేద్యం ఇంకొకరిది.

*మనం లెక్క వేసుకోవాల్సింది*

మన జమీన్లు వేరు, మన చట్టాలు వేరు. అక్కడి వందల ఎకరాలకీ మన పదెకరాలకీ పోలిక లేదనవచ్చు. కానీ నడిమి రైతు అంటే ఎకరాల లెక్క కాదు అని నాకు ఈ కథలో అర్థమైంది. ఇంటి చేతులతో చేయగలిగిన సేద్యం దాటి, బయటి దుడ్డు మీద, బయటి చేతుల మీద నడిచే సేద్యంలోకి అడుగు పెట్టిన రోజు మనం నడిమి రైతులం. రెండెకరాల మల్బరీలో ఆలుమగలు, ఒక పెద్ద చెయ్యి ఉంటే ఒక పంట పోయినా ఇల్లు నిలబడుతుంది. ఎనిమిదెకరాలు పట్టి, రెండు షెడ్లు వేసి, ఆరుగురు కూలోళ్ళని పెట్టినాక ఒక పంట పోతే గుత్త కట్టాలి, వడ్డీ కట్టాలి, కూలి ఇవ్వాలి. ఆ నెల పురుగు సున్నం కట్టిందని ఎవరూ వాయిదా ఇవ్వరు.

పెద్దది చేయొద్దని నేను అనను. మా పక్క పెద్ద తోటలు చేసి బాగుపడినవాళ్ళు ఉన్నారు. చేసే ముందు నాలుగు సంగతులు తేల్చుకోండి.

ఒకటి, జమీను కాగితం. గుత్తకైతే ఎన్నేళ్ళకి, రాతలో ఉందా? మల్బరీ నాటితే పదిహేనేళ్ళు ఉండే తోట. మూడేళ్ళ నోటిమాట మీద నాటితే మనం పెంచిన తోట యజమానిది అవుతుంది.

రెండు, పంటకీ పంటకీ మధ్య దుడ్డు. వరసగా రెండు పంటలు పోయినా చాకీ కొనడానికి, కూలి ఇవ్వడానికి ఎక్కణ్ణుంచి వస్తుంది? దీనికి జవాబు లేకపోతే సైజు పెంచకూడదు.

మూడు, నీళ్ళు, షెడ్డు, కరెంటు. అన్నదమ్ముల మధ్య, వాటాదార్ల మధ్య ఏది ఎవరిది, మరమ్మతు ఎవరిది అని ముందే రాసుకోవాలి. మోటారు కాలినాక రాయలేం.

నాలుగు, ఐదో దశలో ఆకు కోసే చేతులు. ఫోన్‌లో పిలిస్తే వచ్చే చేతులు కాదు, ఆ ఏడెనిమిది రోజులు తప్పకుండా వచ్చే చేతులు.

జింబాబ్వేలో చిన్న రైతు ఈ నాలుగిటిలో మూడిటికి ఇంట్లోనే జవాబు చూసుకున్నాడు. నడిమి రైతు నాలుగిటికీ బయట చూడాల్సి వచ్చింది. బయట ఎవరైనా ఆదుకున్నచోట, కాలవో మిల్లో కాంట్రాక్టో ఉద్యోగం జీతమో, అక్కడ నిలబడ్డాడు. లేనిచోట మంచి నేల మీద గడ్డి మొలిచింది.

మీలో ఎవరైనా గుత్త తోటతో పెద్దగా చేస్తుంటే మీ లెక్క, ఎకరాకి ఖర్చు, ఎన్నేళ్ళ ఒప్పందం, మన గ్రూపులో పెట్టండి. పేర్లు అక్కరలేదు. వచ్చే సంచికలో గుత్త ఒప్పందం ఎలా రాసుకోవాలో అందరి అనుభవంతో కలిపి రాద్దాం.